భూమి పగలదని తీర్మానించడమైనది

భూమి పగలదు. ఈ విషయంలో ప్రజలెవరూ ఆందోళన చెందనక్కరలేదు. పగలదని శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పారు గానీ, వాళ్ల మాటకు రబ్బరు స్టాంపు ఉండదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత హిందూపురంలో ఒక ఫంక్షన్ హాల్లో, ఏసీ గాలి కంటే చప్పుడు ఎక్కువ చేస్తున్న ఒక మధ్యాహ్నం, భూగోళ సమగ్రతా నిర్ధారణ సంఘం వారు చేతులెత్తి ఆమోదించారు. దాంతో సంగతి ఖాయమైంది. అప్పటినుంచి భూమి పగలడం నిబంధనలకు విరుద్ధం.

ఈ నిబంధన తెలియని భూమి ఒకటి తాడిమర్రి పక్కన ముదిగుంటపల్లిలో ఉంది. అది పుష్పావతిది.

పుష్పావతికి ఆఫీసులంటే గిట్టదు. ఎద్దు మాట వినకపోతే ఓపిగ్గా పది రకాలుగా బుజ్జగిస్తుంది. మనిషి వినకపోతే మాత్రం రెండో మాటకే గొంతు లేస్తుంది. అందుకని ఇంట్లో ఆఫీసు పనులన్నీ మొగుడు పోతులయ్యే చూసేవాడు. పోతులయ్య మెతక మనిషి. కిటికీ అవతల ఎవరు కూర్చున్నా "సార్" అంటాడు, ఎవరూ కూర్చోకపోయినా కాసేపు అక్కడే నిలబడతాడు. అన్ని కుర్చీలు, అన్ని ఫ్యాన్లు పెట్టి నడుపుతున్నారంటే లోపల ఏదో పని జరుగుతూనే ఉంటుందని ఆయన గట్టి నమ్మకం.

ఆషాఢంలో పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే పుష్పావతి చేనికి పోయింది. వేరుశనగ మొలకలు ఎట్లున్నాయో చూద్దామని. మొలకలు బాగున్నాయి. వాటి మధ్యన, చేనికి అడ్డంగా ఒక గీత ఉంది. వేలు దూరేటంత సందు. ఎండకు నేల నెర్రెలు బారడం ఆమె ఎరుగని సంగతి కాదు. కానీ ఎండకు తెరుచుకున్న నేల వానకు మూసుకుంటుంది. ఇది వానకు తెరుచుకుంది. ఆమె ఒక గులకరాయి అందులో వేసింది. చప్పుడు రాలేదు. ఇంకొంచెం పెద్ద రాయి వేసింది. అదీ ఏమీ చెప్పలేదు.

గీత వెంబడి నడిచి చూస్తే అది నేరుగా అంగన్వాడీ గదివైపు పోతోంది. ఆ గది చేని అంచునే ఉంది. మామ బతికున్న కాలంలో ఊరి పిల్లల కోసం ఇచ్చిన జాగా అది. లోపల టీచరు కళావతి పిల్లల చేత పాట పాడిస్తోంది.

"ఏమయ్యా, మన చేను పగిలిండాది," అని ఇంటికొచ్చి చెప్పింది.

"నేలన్నాక పగలదా?" అన్నాడు పోతులయ్య.

"అంగన్వాడీ దిక్కు పోతాండాది. రాయి వేస్తే చప్పుడు ల్యా."

పోతులయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయితే సచివాలయంలో చెప్పాల."

ఈ సారి పుష్పావతి తానే బయల్దేరింది. ఆయన పోతే చెప్పి వస్తాడే గానీ, చెప్పింది ఎవరైనా విన్నారో లేదో చూసి రాడు.

ఊరి సచివాలయంలో రంజిత అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మంచి పిల్ల. పుష్పావతి చెప్పిందంతా విని, ఫోనులో "జనగోడు" అనే యాప్ తెరిచింది. (ప్రజల గోడు ప్రజల చేతనే టైపు చేయించి, దానికొక నెంబరు ఇచ్చి, ఆ నెంబరును భద్రంగా దాచి ఉంచడం ఈ యాప్ ఆశయం.)

"అక్కా, దీంట్లో గోడ పగులు ఉండాది, రోడ్డు పగులు ఉండాది, పైపు పగులు ఉండాది. చేను పగులు ల్యా."

"ల్యాకపోతే రాయి."

"రాసేది కాదక్కా. నొక్కేది."

చివరికి "ఇతరములు" నొక్కితే లోపల ఇంకో జాబితా వచ్చింది. భూమి, నీరు, గాలి, ఆకాశం. (నిప్పును ఫైరింజన్ల వాళ్లు తమదంటే తమదని తీసుకుపోయారట.) రంజిత "భూమి" నొక్కింది. వివరణకు ఒకే ఒక్క బెత్తెడు జాగా ఇచ్చారు. అందులో పట్టేలా ఆ పిల్ల ఇట్లా రాసింది: "భూమి పగులుతోంది. పిల్లలకు ప్రమాదం. వెంటనే కాపాడగలరు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ప్రభుత్వాలు నడిచేది కూడా ఇట్లాంటి నిజాల మీదే.

కొన్నాళ్లకు ధర్మవరం రమ్మని మెసేజ్ వచ్చింది. అక్కడ వారానికొకసారి గోడు పరిష్కార దినం జరుపుతారు. పుష్పావతి బస్సెక్కి పోయింది. పట్టుచీరల అంగళ్ల మధ్య సందులో, ఒక మేడమీద, బల్లల వెనక మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకాయన ఆమె అర్జీని కంప్యూటర్లో చదివి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు.

"భూమి అంటే ఏ భూమి?"

"నా భూమి సార్."

"నీ భూమి అయితే సర్వే నెంబరు ఉండాల గదా. ఈడ ఖాళీగా ఉండాది."

"ఆ పాప ఫోనులో అడగల్యా సార్. అడిగింటే చెప్పింటాం."

"అడగలేదంటే అవసరం లేదని అర్థం. సర్వే నెంబరు లేని భూమి అంటే మొత్తం భూమి కింద లెక్కమ్మా. అది మా పరిధిలోకి రాదు. మా పరిధి ధర్మవరం వరకే."

"మొత్తం భూమి కాదు సార్, మా చేను! ముదిగుంటపల్లిలో!"

"ముదిగుంటపల్లి మాత్రం యాడుండాది? భూమ్మీదనే గదా," అని ఆయన నవ్వి, అర్జీని పెనుకొండకు పంపించాడు.

పెనుకొండలో, బస్టాండుకు కొంత ఎడంగా, ప్రాంతీయ భూసమగ్రతా కార్యాలయం ఉంది. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. పెట్టిన వాళ్లు బదిలీ అయిపోయారు. అక్కడి అధికారి పేరు నాగేశ్వరయ్య. ఆయన వచ్చినప్పటినుంచి ఆ ఆఫీసుకు ఒక్క అర్జీ కూడా రాలేదు. ఇక ఎత్తేస్తారని, తనను యాడో ఆమడగూరు అవతల ఏ గోదాముకో తోసేస్తారని ఆయనకు గుండెల్లో రాయి. సరిగ్గా అప్పుడు "భూమి పగులుతోంది. కాపాడగలరు" అన్న అర్జీ తెర మీద వెలిగింది. ఆయన దాన్ని నిలబడి చదివాడంటారు.

పుష్పావతి పోయేసరికి కుర్చీ వేయించాడు. కాఫీ తెప్పించాడు. ఆమె జన్మలో ఒక ఆఫీసులో కాఫీ తాగడం అదే మొదలు. దాంతో తన చేనికి మంచి కాలం వచ్చిందనే అనుకుంది.

"చూడమ్మా, ఈ భూమి గురించి అర్జీ పెట్టిన మొదటి మనిషివి నువ్వు. అందరూ వాళ్ల గోడలు, వాళ్ల కాలువలు అని అడుక్కునేవాళ్లే. నీకు పెద్ద మనసు."

"సార్, పగులు వెడల్పయితాండాది. మొన్న వేలు దూరేది, ఇప్పుడు చెయ్యి దూరతాండాది. ఆ పక్కనే పిల్లోళ్లుండారు. ఒకసారి వచ్చి చూసిపోతే..."

"చూడ్డం కాదమ్మా, తేల్చాల. భూమి అసలు పగలగలదా, లేదా? అది తేలకుండా మేం వచ్చి పగులు చూస్తే, పగిలిందని ఒప్పుకున్నట్టయితాది. పైవాళ్లు నా తల తీస్తారు."

"పగిలిందో లేదో చూస్తే తెలుస్తాది గద సార్?"

నాగేశ్వరయ్య జాలిగా చూశాడు. "నువ్వు చేను కాడే ఆగిపోతాండావు. పెద్దగా ఆలోచించు."

ఆయన పెద్దగానే ఆలోచించాడు. భూగోళ సమగ్రతా నిర్ధారణ సంఘం అని ఒకటి వేసి, హిందూపురంలో పెద్ద ఫంక్షన్ హాలు మాట్లాడారు. బ్యానరు కట్టారు. దాని మీద భూగోళం బొమ్మ, పక్కనే దానికంటే కొంచెం పెద్దదిగా నాగేశ్వరయ్య బొమ్మ. భోజనాల్లోకి చిత్రాన్నం, ఓళిగలు. (భూమి ఉంటుందో ఊడుతుందో తేల్చే సభలో ఓళిగలు ఎందుకని ఎవరో అడిగితే, ఊడేటట్టయితే మాత్రం తినకుండా పోతామా అని జవాబు వచ్చింది.) పుష్పావతిని ముందు వరుసలో కూర్చోబెట్టి "అర్జీదారు" అని బ్యాడ్జి తగిలించారు.

శాస్త్రం చెప్పడానికి ఒక రిటైర్డు ఫిజిక్సు లెక్చరరును పిలిపించారు. ఆయన సన్నగా, ఎవరినీ నొప్పించని గొంతుతో మాట్లాడాడు.

"భూమి ఒక రాయి లాంటిది కాదు, సుత్తితో కొడితే రెండు ముక్కలై చెరో పక్కా పడిపోవడానికి. దాని బరువే దాన్ని లోపలికి లాక్కుని ఉంటుంది. ఒకవేళ ముక్కలు చేసినా, ఆ ముక్కలు ఒకదాన్నొకటి లాక్కుని మళ్లీ కలిసిపోతాయి. తిరిగి కలవకుండా చెదరగొట్టాలంటే, సూర్యుడు ఇంచుమించు ఒక వారం పాటు వెదజల్లే శక్తినంతా తెచ్చి ఒక్కసారిగా కుమ్మరించాలి. అనగనగా ఒకప్పుడు అంగారకుడంత గోళం ఒకటి వచ్చి భూమిని గుద్దిందని చాలామంది శాస్త్రజ్ఞుల నమ్మకం. అప్పుడు కూడా భూమి చావలేదు. ఎగిరిపడిన దాంట్లోంచి చంద్రుడు పుట్టాడంతే."

హాలంతా చప్పట్లు. కొందరు చంద్రుడి కోసం కొట్టారు, కొందరు భోజనాల వేళ అయిందని కొట్టారు. పుష్పావతి కూడా కొట్టింది. మాట చక్కగా ఉందనిపించింది. ఇంత గట్టి భూమి తన చేని దగ్గరకొచ్చేసరికి ఎందుకు పగిలిందో కూడా ఇప్పుడే చెప్తాడని ఎదురు చూసింది.

నిజానికి ఆయన చెప్పాడు కూడా. "అయితే ఈమె చేను సంగతి వేరు," అన్నాడు. "దానికి సూర్యుడూ వద్దు, అంగారకుడూ వద్దు. నేల అడుగున నీళ్లు మట్టిని కోసుకుపోయి గుల్ల అయితే చాలు, పైన నేల కుంగుతుంది. అట్లాంటి చోట పిల్లలను ఉంచకూడదు. రేపే ఎవరైనా పోయి చూడండి."

సభ మినిట్సులో ఈ భాగం ఇట్లా నమోదైంది: "లెక్చరరు గారు మరికొన్ని విషయాలు కూడా ముచ్చటించారు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పుష్పావతి చెయ్యి ఎత్తింది, కానీ అది మాట్లాడటానికి. దాన్ని కూడా ఓట్ల కింద లెక్కేశారు.

ఆమె ఊరికి చేరేలోపే ఫోనుకు మెసేజ్ వచ్చింది. "మీ గోడు పరిష్కరించబడినది. భూమి పగలదు. ధన్యవాదములు." వెనకనే ఒక ఆడగొంతు ఫోన్ చేసింది. పరిష్కారంతో సంతృప్తి చెందితే ఒకటి నొక్కమంది. అమిత సంతృప్తి చెందితే రెండు నొక్కమంది. పుష్పావతి బూతులు తిట్టింది. "మీ అభిప్రాయం స్వీకరించబడినది," అంది ఆ గొంతు.

"అంతమంది పెద్దోళ్లు కూకొని పగలదన్నారు. మనమే సరిగ్గా చూడల్యామో," అన్నాడు పోతులయ్య.

"రా, చూపిస్తా," అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చేనికి లాక్కుపోయింది. పగులు ఇప్పుడు మూరెడు వెడల్పు ఉంది. దాని అంచున ఒక ఆడపిల్ల బోర్లా పడుకుని ఉంది. అంగన్వాడీ పిల్ల. బలపం ముక్కలు ఒక్కొక్కటే లోపలికి వేస్తూ, చెవి ఆనించి వింటోంది.

"చప్పుడే రాల్యా అవ్వా," అంది ఆ పిల్ల, ఇదేదో ఆట అన్నట్టు నవ్వుతూ.

పోతులయ్య చప్పున ముందుకు వంగాడు. ఆ పిల్లను రెండు రెక్కలూ పట్టి ఎత్తుకుని, వెనక్కి వెనక్కి నడిచాడు. ఆ రోజు తర్వాత ఆయన ఏ కిటికీ ముందూ "సార్" అనలేదు.

రెండోసారి అర్జీ పెడదామని పోతే యాప్ తీసుకోలేదు. పగలనిదిగా నమోదైన వస్తువు పగిలిందనడం చెల్లదని ఎర్రక్షరాల్లో చూపించింది. రంజిత ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, గోడ పగులు కింద పెడితే తొందరగా వస్తారు. అంగన్వాడీ గోడ పగిలిందా?"

"ఇంకా పగల్ల్యా."

"ఫొటో పెట్టాలక్కా. పగిల్నాక రా."

పుష్పావతి ఇక ఎవరినీ అడగలేదు. కళావతి దగ్గరకు పోయి, "పిల్లోళ్లను మా పంచలోకి పిల్చుకోని రా," అంది. కళావతి బెదిరింది. అంగన్వాడీ కేంద్రం వదిలిపెడితే ఉద్యోగం పోతుందని ఆమె భయం. "ఉద్యోగం పోతే మా ఇంట్లో తిను. పిల్లోళ్లు పోతే ఏం తింటావు?" అంది పుష్పావతి. కళావతి కొంగు నడుముకు చుట్టింది. ఇద్దరూ కలిసి పొయ్యి, బియ్యం, కోడిగుడ్ల అట్టలు, నల్లబల్ల మోసుకొచ్చారు. పోతులయ్య ఎద్దులను పంచలోంచి వేపచెట్టు కిందకు మార్చాడు.

వారం తిరక్కుండా కళావతికి మెమో వచ్చింది. పిల్లలు ఎక్కడ తిన్నా, ఎక్కడ చదివినా పైవాళ్లకు అభ్యంతరం లేదు. హాజరు ఫొటో మాత్రం కేంద్రం గోడ ముందే తీయాలి. ఇంకెక్కడ తీసినా యాప్ ఆ పిల్లలను పిల్లలుగా గుర్తించదు. గుర్తించకపోతే గుడ్లు రావు.

కాబట్టి రోజూ పొద్దున్నే కళావతి పిల్లలను వరసగా నడిపించుకుంటూ పాత గదికి పోయేది. గోడ ముందు నిలబెట్టి, ఫొటో తీసి, వెనక్కి తెచ్చేది. ప్రమాదం లేని చోట రోజంతా ఉంచి, ప్రమాదం ఉన్న చోట ఫొటోకు మాత్రం నిలబెట్టడం అనే ఈ పద్ధతిని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

రాత్రంతా ముసురు పట్టిన ఒక పొద్దున పుష్పావతికి మనసు నిలవలేదు. పిల్లలు వరసగా బయల్దేరుతుంటే పరుగెత్తిపోయి చేనిగట్టు మీద చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఈ పొద్దు ఫొటో వద్దు."

"అక్కా, ఒక్క నిమిషం. తీసి వచ్చేస్తాం. వరసగా హాజరు పడకపోతే నన్ను తీసేస్తారు," అని కళావతి ఏడుపు గొంతుతో బతిమాలింది.

"నన్ను దాటుకోని పో, చూస్తా!"

కళావతి ఆమె భుజం పట్టి పక్కకు నెట్టబోయింది. ఇద్దరూ పెనుగులాడుతుండగానే కాళ్ల కింద నేల ఒక్కసారి జారినట్టయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గది ముందుకు వంగి, ఆగి, తలుపుతో సహా కిందికి దిగిపోయింది. పైకప్పు రేకు ఒకటి మాత్రం అంచున తట్టుకుని కాసేపు ఊగింది. తర్వాత అదీ పోయింది. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. కళావతి గట్టు మీద కూలబడి, చేతిలో ఫోను అట్లాగే పట్టుకుని, పిల్లల తలలు ఒక్కొక్కటే తడుముతూ పోయింది. పుష్పావతి చాపిన చేతులు దించడం కూడా మరిచిపోయింది.

ఈ సారి అందరూ వచ్చారు. భవనాల వాళ్లు వచ్చి, గోడ పగులు కింద ముందస్తు అర్జీ లేకుండా కూలినందువల్ల ఆ గది కూలడం చెల్లదని రాసుకుపోయారు. నాగేశ్వరయ్య కూడా వచ్చాడు. అప్పటికి పగులు ట్రాక్టరు పట్టేటంత ఉంది. ఆయన అంచు దాకా పోయి, లోపలికి తొంగి చూసి, చప్పున వెనక్కి రెండడుగులు వేశాడు.

"ఇంత లోతుందా?" అన్నాడు. ఆ ఒక్క మాట ఆఫీసరుగా కాదు, మనిషిగానే అన్నాడు.

"ఉండాది సార్. రాసుకోండి," అంది పుష్పావతి.

నాగేశ్వరయ్య జేబులోంచి పెన్ను తీశాడు. కాసేపు పట్టుకున్నాడు. తీర్మానం చేయించింది తానే. బ్యానరు మీద బొమ్మా తనదే. "చూస్తామ్మా," అని పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పెనుకొండ చేరి నివేదిక రాశాడు. పగులుకు ఈ పక్క భూమి యథాతథంగా ఉన్నదనీ, ఆ పక్క భూమి కూడా యథాతథంగా ఉన్నదనీ, మధ్యలో మాత్రమే లేదనీ, కనుక పగిలినట్టు ఎటువంటి ఆధారమూ కనిపించలేదనీ అందులో ఉంది. ఆ నివేదికకు మెచ్చి ఆయన ఆఫీసుకు ఇంకో అంతస్తు మంజూరు చేశారు.

అంగన్వాడీ ఇప్పుడు పుష్పావతి పంచలోనే నడుస్తోంది. ఫొటోలకు గోడ లేదు కాబట్టి యాప్ లెక్కలో ఆ ఊళ్లో పిల్లలు లేరు. గుడ్లు రావడం ఆగిపోయింది. పుష్పావతి నాలుగు కోళ్లను సాకుతోంది. చేనిలో అటుపక్క సగానికి పోవాలంటే ఊరంతా చుట్టుకుని పోవాలి. పోతులయ్య పొద్దున్నే సద్దిమూట కట్టుకుని చుట్టుకునే పోతాడు.

మధ్యలో లేని ఆ భాగాన్ని ఏ ఖాతాలో రాయాలన్నది చాలాకాలం పైవాళ్లను వేధించింది. భూమి పగలదు కాబట్టి అది పగులు కాదు. పగులు కానప్పుడు వాన నీళ్లు పారే వంక అయి ఉండాలి. వంక అన్నాక అనాదిగా ప్రభుత్వానిదే అయి ఉండాలి. ఈ లెక్క తేలిన మర్నాడే పుష్పావతి ఇంటికి నోటీసు అంటించిపోయారు. ప్రభుత్వ వంకను ఆక్రమించి, అందులో తరతరాలుగా వేరుశనగ పండించినందుకు సంజాయిషీ ఇవ్వాలని, అంత లోతైన వంకను పూడ్చడానికి మట్టి ఎక్కడినుంచి దొంగిలించారో కూడా తెలియజేయాలని అందులో ఉంది.